పారాచూట్ గుడ్డ సంచి

పోయిన చలికాలం మా ఇంట్లో వారం రోజులు ఒక పడక గురించే మాటలు నడిచాయి. మా ఆయనకు సర్వే ఆఫీసులో పని. మహానంది దాటి కొండల్లో పది రోజుల క్యాంపు పడింది. పెళ్లయినప్పటి నుంచి ఆయన క్యాంపుల కబుర్లు వినడమే గాని చూసింది లేదు. ఈసారి నేనూ వస్తానని పట్టుబట్టాను. పాపకు అప్పుడు పది నెలలు. అంతకు ముందు నెలలోనే దగ్గుతో నన్ను హడలగొట్టింది.

అత్తగారు ఒక్కటే షరతు పెట్టారు. “బిడ్డకు ఏం కప్పుతావో నాకు జూపిచ్చి పో. జూపిచ్చలేకపోతే ఈడనే ఉండు.”

బండి మహానంది దాకానే పోతుంది. ఆ పైన ఆరు మైళ్లు నడక. సర్వే సామాను కళాసీలు మోస్తారు, పాప నా చంకలో ఉంటుంది, మా పడక ఆయన వీపు మీదికి రావాలి. “వీశెన్నర దాటిందంటే నేను మోసేది లేదు” అన్నారాయన. ఇంట్లో ఉన్న గొంగడిని తూస్తే రెండు వీశెలు దాటింది. తడిస్తే ఇంకెంత అవుతుందో!

పాత ఊళ్లో పరుపులు కుట్టే ముసలి సాయిబు దగ్గర యుద్ధంలో మిగిలిన పారాచూట్ నైలాను ఉందని విని వెళ్లాను. గుడ్డను గుంటగా పట్టుకుని, చెంబుతో నీళ్లు పోసి చూపించాడు. ఒక్క చుక్క కూడా కిందికి కారలేదు.

“సిపాయిలు ఆకాశం నుంచి దూకే గుడ్డ బీబీ ఇది! మనిషినే మోసింది, మంచుకు ఓడిపోతాదా?”

లోపల బూరుగుదూది పరిచి, నేనూ పాపా దూరేంత సంచి కుట్టి, మూతికి నాడా పెట్టించాను. అంతా కలిపి ఒక్క వీశె తూగింది. చేత్తో ఎత్తుకుంటే దిండులా ఉంది. గాలి దూరదు, నీరు దూరదు, ఇక చలి ఎలా దూరుతుంది? కాలేజీలో చదివిన నా బుర్రకు ఆ లెక్క బాగా నచ్చింది.

అయినా ఊరికే నమ్మే మనిషిని కాను. ఆ రాత్రి మిద్దె మీద సంచి పరిచి, పాపను పక్కలో వేసుకుని, నాడాను మెడల దాకా బిగించుకుని పడుకున్నాను.

తెల్లవారి చూస్తే లోపలంతా చెమ్మ. పాప చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. ఉచ్చ పోసిందేమో అనుకున్నాను. అత్తగారు పైకి వచ్చి చొక్కా వాసన చూశారు.

“ఉచ్చ కాదు మా, చెమట. కుండకు మూకుడు మూసినట్ల మూసి పెడితివి. ఆవిరి యాడికి పోవాల? బిడ్డను ఉడకబెడ్తాండావా ఏమి?”

నాకు ఏడుపొచ్చింది. ఇక ఈడనే ఉండమంటారని అనుకున్నాను. ఆమె కిందికి పోయి, పెట్టెలోంచి తన రెండు పాత చీరలతో కుట్టిన బొంత తెచ్చారు.

“ఇది లోపల పరుచు. చెమట ఇది పీలుస్తాది. ఆ తాడు మాత్రం ఇప్పు. చలి కంటే నీ భయమే శానా ఎక్కువుండాది.”

కింద పళ్లు తోముకుంటున్న మా ఆయన ఊరుకుంటారా! “ఇప్పమ్మా ఇప్పు. పెండ్లాన్ని మూటగట్టి తెచ్చినాడని కళాసీలు నవ్వుతారు.”

రెండో రాత్రి బొంత పరిచి, మూతి వదిలేసి పడుకున్నాను. తెల్లవారుజామున కళ్లు తెరిచేసరికి అత్తగారు నా పక్కనే కూర్చుని ఉన్నారు. ఆమె చెయ్యి సంచిలో ఉంది. పాప అరికాళ్లు పట్టుకుని చూస్తున్నారు.

“పొడిగుండాయి. బిడ్డ పొయ్యి కాడి పిల్లి మాదిరి వెచ్చగుండాది” అని, కొంగు సర్దుకుంటూ లేచారు. “పోయి రాండి. ఆ బొంత యాడన్నా పారేసొస్తే మాత్రం ఊరుకోను.”

సంచీ బొంతా కలిపి తూస్తే సరిగ్గా వీశెన్నర. ఆయన మూటను వీపుకెత్తుకుని చూసుకున్నారు.

క్యాంపులో పది రోజులూ నాడా బిగించలేదు. పాప ఒక్కసారి కూడా దగ్గలేదు. కానీ అరికాళ్లు పట్టి చూసే అలవాటు నాకు అంటుకుంది. ఇంటికి వచ్చి ఇన్ని నెలలైనా పోలేదు. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి వెళ్లాను. వెచ్చగానే ఉన్నాయి.