మరమనిషికి జడెందుకు

నేను రాసిన నవలని టీవీ సీరియల్‌గా తీస్తామని కబురొచ్చిన రోజు ఎగిరి గంతేశాను. ఇప్పుడు ఆ గంతేసిన మోకాళ్లే నొప్పెడుతున్నాయి. విజయనగరంలో హైస్కూలు పిల్లలకి సైన్సు చెప్పుకుంటూ, సెలవుల్లో సైన్సు కథలు రాసుకునేదాన్ని. ఆ నవలలో, రాబోయే కాలంలో, సముద్రం ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఓ ఇంటికి మరమనిషి వస్తుంది. ఆడా కాదు, మగా కాదు. ఆ సంగతి చెప్పడానికి పుస్తకంలో ఒక్క వాక్యం సరిపోయింది. చదివినవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు ఊహించుకున్నారు, నా జోలికి రాలేదు.

టీవీలో ఆ వీలు లేదు, కంటికి కనపడాలి. తల ఎలా ఉండాలి, ఛాతీ ఎలా ఉండాలి, గొంతు ఎలా ఉండాలి అని నెలల తరబడి రభస. పట్టుబట్టి మరమనిషికి గుండు చేయించాను. మెడ నుంచి పాదాల దాకా బూడిదరంగు తొడుగు వేయించాను. లోపల నటిస్తున్నది ఎవరో ఎక్కడా చెప్పొద్దన్నాను. ఛానెల్ తరఫున వచ్చే అధికారి మంచివాడే కానీ, ఆయనది ఒకటే పాట.

"మేడమ్, ఓ జడ వేసేద్దామండి. జనానికి తేలిగ్గా ఉంటుంది."

వాదించి వాదించి నా గొంతు పోయింది, ఆయన ఓపిక పోయింది. చివరికి ఓ ఒప్పందానికి వచ్చాం. షూటింగు జరుగుతున్నది భోగాపురం దగ్గర ఓ సముద్రపు ఊళ్లో. తీసినంత మేరా ఆ ఊరివాళ్లకే చూపిద్దాం. ఆడా మగా అన్న గోల లేకుండా చూస్తే నా మాట నెగ్గినట్టు. లేకపోతే జడ.

తుఫాను షెల్టర్లో కిటికీలు మూసి, ప్రొజెక్టరు పెట్టి గోడ మీద బొమ్మ వేశాం. చేపలమ్ముకుని వచ్చిన ఆడవాళ్లు ఖాళీ తట్టలు పక్కన పెట్టుకుని కింద కూర్చున్నారు. మగవాళ్లు వెనక గోడకి చేరబడ్డారు. మా మరమనిషి వాకిలి ఊడ్చింది, చేపలు ఎండబెట్టింది, పొయ్యి రాజేసింది, అందరికీ వడ్డించి మూల నించుంది. అంతలోనే ముందు వరసలో ఒకామె తేల్చేసింది.

"ఆడదే."

"ఎలా తెలిసిందమ్మా? జడ లేదు, చీర లేదు" అన్నాను.

"జడెందుకమ్మా? తెల్లారినకాడి నుంచి సాకిరీ సేస్తన్నాది. తిన్నావా అని ఒక్కలూ అడగనేదు. ఆడది కాకపోతే మరేటి?"

షెల్టరంతా నవ్వులు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. నవలలో మరమనిషి వేటకి వెళ్లేది, వలలు బాగుచేసేది, పడవ ఒడ్డుకి లాగేది. సముద్రం మీద తీయడానికి ఖర్చెక్కువని ఆ సీన్లు ఒక్కొక్కటీ కోసుకుంటూ వచ్చారు. సరే సరే అంటూ నేనూ తలూపుతూ వచ్చాను. ఆఖరికి మిగిలింది పొయ్యీ చీపురూ. ఇంక గుండు చేయించి ఏం లాభం?

దర్శకుడికి దేనికీ కంగారుండదు. "పని తగ్గించేద్దాం మేడమ్" అని, మరమనిషిని అరుగు మీద మగవాళ్ల పక్కన కూర్చోబెట్టి, సీన్లు మళ్లీ తీసి పట్టుకొచ్చాడు. మళ్లీ అదే షెల్టర్, అదే జనం. ఈసారి వెనక గోడ దగ్గర ఓ ముసలాయన అందుకున్నాడు.

"ఈడెవుడర్రా, కొత్తల్లుడిలాగ కాళ్లు సాపుకుని కూకున్నాడు? కాస్త టీ పట్రండి."

పని చేస్తే ఆడది, చెయ్యకపోతే మగాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అధికారి నవ్వాపుకుంటూ నా వైపు చూశాడు. ఇంకొక్క అవకాశం ఇమ్మన్నాను. అడుక్కున్నాననే చెప్పాలి. ఆఖరిసారి అన్నాడు.

బస్సులో సీటు దొరకలేదు. ఇల్లు చేరి, భుజానికున్న సంచీ కూడా తియ్యకుండా హాల్లో కుర్చీలో కూలబడ్డాను. ఫ్యాన్ వెయ్యలేదు, వంటింటి వైపు చూడలేదు. ఉద్యోగం నుంచి వచ్చిన మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటయింది? ఒంట్లో బాగోలేదా?"

"ఏం లేదు. కూర్చున్నాను."

"ఊరికేనా?"

"ఊరికే."

ఆయనకి నమ్మకం కుదరలేదు. నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. లోపలికెళ్లి గ్లాసుడు నీళ్లూ, జ్వరం బిళ్లా పట్టుకొచ్చాడు. పాపం, ప్రేమతోనే తెచ్చాడు. అయినా ఒళ్లు మండిపోయింది. ఈ ఇంట్లో నేను కూర్చోవాలంటే జ్వరమైనా రావాలన్నమాట! బిళ్ల బల్ల మీద పెట్టేసి, సంచీలోంచి కాగితాలు తీసి ఆ కుర్చీలోనే కొత్త సీన్ రాశాను.

మరమనిషి వాకిట్లో చేపలు తిరగేస్తూ తిరగేస్తూ, పని మధ్యలో ఆపి, బోర్లించిన తట్ట మీద కూర్చుంటుంది. ఇంట్లోవాళ్లు హడలిపోతారు. "సార్జింగు అయిపోనాదేటి?" అంటుంది ముసలమ్మ. ఇంటాయన ఫోను చేసి మెకానిక్‌ని పిలుస్తాడు. అతను వీపు మీది మూత విప్పి అంతా చూసి, ఏ లోపమూ లేదంటాడు. మరేమయిందని అందరూ చుట్టూ మూగుతారు. "కూర్చున్నాను" అంటుంది మరమనిషి. అంతే సీను.

మూడోసారి షెల్టర్లో నేను జనం వైపు చూడలేకపోయాను. మెకానిక్ వచ్చినప్పుడు నవ్వారు. మరమనిషి ఆ ఒక్క మాట అన్నాక నవ్వులు ఆగిపోయాయి. ఇంక వస్తుంది ఆ ప్రశ్న, అయిపోయింది నా పని అనుకున్నాను.

మొదటిరోజు ఆడదే అన్నామె చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "నానూ ఓపాలి అలగే కూకుండిపోనాను. దెయ్యం పట్టీసిందని మా ఇంటోలు బూతవైద్దుణ్ణి ఎట్టుకొచ్చినారు."

వెనక నుంచి ముసలాయన గొంతు వినిపించింది. "ఓరోజు నాను బోటెక్కనన్నాను. ఒళ్లు ఆయాసంగా ఉన్నాది, ఎక్కనన్నాను. తాగీసినాడన్నారు."

అధికారి నా చెవి దగ్గరికి వంగి, "ఇంక జడ మాట ఎత్తనండి" అన్నాడు. నెగ్గాను. సంతోషం రావాలి కదా, రాలేదు. అలసటే ఇంకాస్త బరువెక్కింది. ముందు వరసలో ఆమె వెనక్కి తిరిగి ముసలాయన్ని అడుగుతోంది.

"మరి ఎక్కినావా మావా?"

"ఎక్కక ఏటి సేస్తానే?"