కొండ కోసం పోయిన ఆదివారాలు

కంకిపాడులో పుట్టినవాళ్లకు ఎత్తంటే కాలవగట్టే. మా పెదనాన్న వెంకటప్పయ్య కూతురు శివపార్వతి రోజూ బందరు రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ బెజవాడ కాలేజీకి వెళ్లేది. మేమంతా పార్వతక్క అనేవాళ్లం. డెబ్బైల మొదట్లో మా ఊరి ఆడపిల్లల్లో అంత దూరం సైకిలు మీద పోయింది అక్క ఒక్కతే. బస్సులో నిలబడి నలిగిపోలేక మొదలుపెట్టిన పని, పోనుపోను ఆమెకు ప్రాణమైపోయింది.

కాలేజీలో ఆటల టీచరు మాణిక్యంగారు అక్కను గమనించి జిల్లా పందెంలో దింపారు. బెజవాడ నుంచి హనుమాన్ జంక్షన్ దాకా పోటీ. అక్క మొదట వచ్చింది. ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడినవాడు ఆమె అన్న రామకోటేశ్వరరావు. రైసుమిల్లులో గుమాస్తా. నెమ్మదైన మనిషి, గట్టిగా నవ్వడం కూడా తెలియదు. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి చాన్నాళ్లు మంచాన ఉన్నాడని చెప్పుకునేవారుగాని, ఆ సంగతి అందరూ మరిచిపోయారు.

మాణిక్యంగారు మాత్రం అక్కను మెచ్చుకోలేదు.

"ఇదేం గెలుపు కాదమ్మా. వేసవిలో రాష్ట్రం పోటీ కొండ ఊళ్లో పెడుతున్నారు. రాళ్లబాట ఎక్కాలి. చదును మీద తొక్కిన కాళ్లు అక్కడ పనికిరావు. ఎక్కడన్నా కొండ చూసుకో" అన్నారు.

అక్క ఇంట్లో అడిగితే పెదనాన్న, "అన్నయ్య వెంట ఉంటే వెళ్లు. వాడు ఏ ఆదివారం రాకపోతే ఆ ఆదివారం నువ్వూ ఇంట్లోనే" అన్నాడు.

అన్నయ్య తన సైకిలు చెల్లెలికిచ్చాడు. దాని మడ్‌గార్డులు, క్యారియరు విప్పించి తేలిక చేయించాడు. తను మాత్రం వడ్ల బస్తాలు మోసే పెదనాన్న సైకిలు తీసుకున్నాడు. తోసినా ఓ పట్టాన కదలని బరువు.

ఇద్దరూ కొండ కోసం వెతకడం మొదలుపెట్టారు. గుణదల కొండకు మెట్లు, మెట్ల నిండా మొక్కులవాళ్లు. దుర్గమ్మ కొండ ఘాట్ రోడ్డెక్కితే జనం నిలబడి చూశారు. ఒక పెద్దాయన, "అమ్మవారి దగ్గరికి నడిచి రావాలిగాని ఇదేం వేషమమ్మా?" అని కసిరాడు. బ్యారేజీ దాటి తాడేపల్లి వైపు పోతే అక్కడ ఎత్తు మొదలవగానే అయిపోయింది. చివరికి కొండపల్లి దొరికింది. ఊరి వెనక నుంచి అడవిలో పడి కోటకెక్కే రాళ్లబాట. కట్టెలు కొట్టుకునేవాళ్లు తప్ప ఎవరూ తిరగరు. అక్క మొదటిరోజు సగం దూరం కూడా ఎక్కలేక దిగిపోయింది. దిగి, "ఇదే కావాల్సింది అన్నయ్యా" అంది.

చలికాలమంతా ప్రతి ఆదివారం వెళ్లారు. అక్క తొక్కుకుంటూ ఎక్కేది. అన్నయ్య ఆ బరువు సైకిలు తోసుకుంటూ వెనక నడిచేవాడు. ఒంటరిగా ఉన్న చెల్లెల్ని కట్టెలవాళ్లు ఏమన్నా అంటారేమోనని కింద ఆగేవాడు కాదు. పైకొచ్చి చేరేసరికి మాట పెగిలేది కాదు. "బద్ధకం పెరిగింది నీకు" అని అక్క ఆటపట్టించేది.

ఒకరోజు కట్టెలమోపు దించుకుని కూర్చున్న వీరమ్మ అనే ముసలామె, "ఏమ్మా, మీ అన్న పెదాలు నల్లబడుతున్నాయి, చూశావా? మా ఆయన ఇట్టాగే పోయాడు" అంది.

అక్క చూసింది. ఆమెకు భయమేసింది.

"డాక్టరుకి చూపించుకుందాం అన్నయ్యా."

"చూపిస్తే కొండెక్కొద్దంటాడు. నేను రాకపోతే నాన్న నిన్ను పంపడు. పోటీ అయిందాకా ఊరుకో పార్వతీ. అయ్యాక ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను."

అక్క ఊరుకుంది.

ఎండలు ముదరకముందే ఒక ఆదివారం, అక్క మొదటిసారి కాలు కింద పెట్టకుండా కోట గుమ్మం దాకా ఎక్కింది. అన్నయ్యకు చెప్పాలని తిరిగి కిందికి దూసుకొచ్చింది. మలుపులో సైకిలు అడ్డంగా పడి ఉంది. అన్నయ్య పక్కనే రాయికి ఆనుకుని గుండె పట్టుకుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. "ఎక్కావా?" అన్నాడు. ఎక్కానంది. ఆ తర్వాత అతను మాట్లాడలేదు.

కట్టెలవాళ్లు మోసుకొచ్చి ఊళ్లో బండెక్కించారు. బెజవాడ ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది. చిన్నప్పటి కీళ్లజ్వరంతోనే గుండె చెడిందని, ఇంట్లో కూర్చున్నా ఎన్నాళ్లో ఉండేవాడు కాదని డాక్టరు చెప్పాడు. ఆ మాట పెదనాన్న పదిమందికీ చెప్పుకుని తిరిగాడు. పెద్దమ్మ ఆదెమ్మ మాత్రం వినిపించుకోలేదు.

కర్మకాండలు అయ్యాయి. సైకిళ్లు రెండూ కొట్టంలో పడి ఉన్నాయి. వేసవి దగ్గరపడ్డాక పెదనాన్నే అడిగాడు.

"పోటీకి పోతావా?"

"మీరు పొమ్మంటే పోతాను."

"వాడు పోయింది దానికేగా."

మాణిక్యంగారి వెంట వెళ్లింది. కొండంతా సైకిలు దిగకుండా ఎక్కింది. ఐదో స్థానం వచ్చింది. పల్లపు నేల నుంచి వచ్చిన పిల్లకు అది చాలా గొప్పని టీచరుగారు వీపు నిమిరితే, అక్క సైకిలు అక్కడే వదిలేసి డేరా వెనక్కి పోయి కూర్చుంది.

ఇంటికొచ్చాక పెదనాన్న, "కొండ కష్టంగా ఉందా అమ్మా?" అని అడిగాడు.

"కొండపల్లంత లేదు నాన్నా."

ఆయన తుండుగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని గొడ్లచావిడి వైపు వెళ్లిపోయాడు.

తర్వాత అక్కకు హనుమాన్ జంక్షన్ దగ్గర ఆడపిల్లల బడిలో ఆటల టీచరుగా ఉద్యోగమొచ్చింది. పిల్లలకు సైకిలు నేర్పేది, రోడ్డు పందేలకు పంపేది. కొండ అంటే మాత్రం ఒప్పుకునేది కాదు. సెలవులకు ఇంటికొస్తే పెద్దమ్మ కంచంలో అన్నీ వడ్డించేది, చాలకపోతే మళ్లీ పెట్టేది. పేరు పెట్టి మాత్రం పిలిచేది కాదు.

ఒక సాయంత్రం కాలవగట్టు మీద నడుస్తూ అక్క నాకు వీరమ్మ మాట చెప్పింది. అంతవరకు ఆ సంగతి ఎవరికీ తెలియదు.

"ఇంట్లో చెప్తే ఆపేసేవాళ్లు. ఆపేస్తారనే చెప్పలేదురా" అంది.

"అన్నయ్యే కదా వద్దన్నాడు" అన్నాను.

"వాడు వద్దన్నాడు. నేను సరేనన్నాను."

పెద్దమ్మకు చెప్పావా అని అడిగాను. అక్క కాలవలోకి చూస్తూ నడిచింది. ఆ ఏడు వానలు వెళ్లకముందే పెద్దమ్మ కన్నుమూసింది.