తల్లి పేరు: మంగమ్మ

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఫలానా చోట కనిపించిందని ఎవరైనా అంటే, ముందు కళ్ళు చూపించుకోండి అనే రకం నేను. ఇప్పుడూ అంతే. అందుకే ఈ సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు విసుగు.

ప్రపంచమంతటా పిల్లల ఆసుపత్రులు పెద్ద వ్యాపారమయ్యాయని మొన్న మా మనవరాలు పేపరు చూసి చెప్పింది. అయ్యే ఉంటాయి. ఏలూరులోనే వీధికొకటి ఉంది, గోడల మీద ఏనుగు బొమ్మలతో. యాభైల్లో పిల్లలకు వేరే వైద్యమేమిటని జనం నవ్వేవారు. అలాంటి రోజుల్లో ఊరి పెద్దలు నడిపే ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డు తెరిచారు. నలభై పడకలు. నేను గుమాస్తాను.

నలభై కాదు, పన్నెండు. రెండింటికి పరుపుల్లేవు. పెంచి చెప్పడం నాకు అలవాటు.

వార్డులో పెద్దవాళ్ళు ఉండకూడదు. సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా తల్లి ఒక్కతే లోపలికి వెళ్ళాలి, నా పుస్తకంలో తన పేరు పక్కన వేలిముద్ర వేసి. ఆ పుస్తకం, సిరా బిళ్ళ నా అధీనంలో ఉండేవి. ఇరవై మూడేళ్ళవాడికి అంత అధికారం ఇవ్వకూడదు.

కొల్లేటి లంక నుంచి దోనెలో, ఆపైన బస్సులో ఒకామె నాలుగేళ్ళ పిల్లను భుజాన వేసుకుని వచ్చింది. పిల్లకు టైఫాయిడ్. పేరు తవిటమ్మ.

"తల్లి పేరు?" అన్నాను.

"మంగమ్మండీ."

"మరి నువ్వెవరు?"

"నాంచారమ్మనండీ. పిల్ల నాది కాదండీ."

పిల్ల ముక్కు, చెవులు అచ్చం ఆమెవే. నాకు ఒళ్ళు మండింది. కాస్త గద్దిస్తే అసలు సంగతి బయటపెట్టింది. ముందు పుట్టిన ఐదుగురూ పోయారట. మా వైపు అలాంటప్పుడు పుట్టిన బిడ్డను చేటలో పెట్టి, పొరుగావిడకు గుప్పెడు తవుడుకు అమ్మేస్తారు. ఆ తర్వాత కన్నతల్లి 'నా బిడ్డ' అని పైకి అనకూడదు. అంటే ఆ బిడ్డా దక్కదని భయం. కొన్నావిడ మంగమ్మ. పిల్ల అమ్మా అని పిలిచేదీ ఆవిడనే.

"అయితే ఆ మంగమ్మనే రమ్మను," అన్నాను.

"రాలేదండీ."

"ఎందుకు రాదు?"

తల వంచుకుంది. మొండితనం అనుకున్నాను. పుస్తకంలో మంగమ్మ పేరు రాసి, ఈమెను గేటు బయట నిలబెట్టాను.

రెండు రోజులు పిల్ల ఎవరు పట్టినా నోరు తెరవలేదు. సూది మందుకు నరం దొరకడం లేదు. రేపటికి ఏదో ఒకటి లోపలికి పోకపోతే చెప్పలేమని డాక్టరుగారు అన్నారు. అయినా నేను కరగలేదు. మూడో రోజు నాలుగింటికి నాంచారమ్మ గేటుకు అడ్డంగా కూర్చుంది. సిరా బిళ్ళ సొరుగులో పెట్టి తాళం వేసి వెళ్ళి, గంటసేపు ఆమెతో వాదించాను.

తిరిగి వచ్చేసరికి నర్సు రూతమ్మగారు చిరాగ్గా ఎదురొచ్చారు. "ఏవండీ, ఆ తవిటమ్మ తల్లి మంచమెక్కి కూర్చుందండీ. దిగమని రెండుసార్లు చెప్పాను. వింటేనా."

"ఎవరండీ?"

"మంగమ్మేగా? పోన్లెండి, గిన్నెడు బార్లీ పట్టించి వెళ్ళింది."

పుస్తకం తెరిచాను. మంగమ్మ పేరు పక్కన వేలిముద్ర ఉంది. సొరుగు తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి నా మొలతాడుకు ఉంది.

ఆమె తడిచీరతో వచ్చిందనీ, గచ్చు మీద నీటి అడుగులు చూశాననీ ఏళ్ళ తరబడి చెప్పుకొచ్చాను. అబద్ధం. నేనామెను చూడనే లేదు. ముద్ర కూడా మామూలు సిరా ముద్రే. కనీసం తడిగానైనా ఉంటే కథకు బాగుండేది.

గేటు దగ్గరికి వెళ్ళి, మీ మంగమ్మ వచ్చి వెళ్ళిందిలే అన్నాను, కసురుతున్నట్టే. నాంచారమ్మ నా మొహంలోకి చూసింది.

"పోయినేడు దోనె తిరగబడి పోయిందండీ ఆవిడ. జబ్బు పిల్లకి తల్లి పోయిందని నోటితో అనలేకపోయానండీ," అంది. నా వెనకే వచ్చిన రూతమ్మగారిని అడిగింది. "పిల్లని తనతో రమ్మందాండీ?"

"లేదమ్మా. తాగమంది, అంతే."

నాంచారమ్మ లేచి, నన్ను తోసుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చింది. "ఆ పేరు కొట్టేయండి. నా పేరు రాయండి."

"నీ పిల్ల కాదన్నావుగా."

"నా పిల్లేనండీ," అంది. వరండాలో అందరూ తిరిగి చూసేంత గట్టిగా. "నేనే కన్నాను. నా పిల్ల."

ఆ మాట నోట వచ్చాక, పొరపాటు చేశానేమో అన్నట్టు వార్డు వైపే చూస్తూ నిలబడింది.

గంట ఎప్పుడో దాటింది. అయినా లోపలికి పంపాను. తవిటమ్మ చాలాసేపు మొహం తిప్పుకుంది. తర్వాత తాగింది. పన్నెండు రోజులకు ఇద్దరూ కొల్లేరు వెళ్ళిపోయారు. ఆ నాలుగింటికి తప్ప ఇంకెప్పుడూ వేరే ఎవరూ రాలేదు.

పుస్తకం మొదటి పేజీలో డాక్టరుగారు ఒక ముక్క రాసి ఉంచారు: తల్లి లేకపోతే పిల్లకు అలవాటైన మనిషిని పంపవచ్చునని. అప్పటికి నేను చదవలేదు. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఎవరో తల్లి పొరపాటున ఆ మంచం దగ్గర కూర్చుందేమో అని ఆలోచించాను. ఆ రోజు వచ్చిన మిగతా తల్లులు నలుగురే. నేను గేటుకు వెళ్ళకముందే నలుగురూ నా ఎదుటే ముద్రలు వేశారు. నాంచారమ్మ బొటనవేలి మీద వల తాడు కోసిన మచ్చ ఉంది. మంగమ్మ పేరు పక్కనున్న ముద్రలో అది లేదు.

మంగమ్మ పేరు కొట్టేయమంటే నేను సన్నగా ఒక్క గీతే గీశాను, చదవడానికి వీలుగా. కింద నాంచారమ్మ పేరు రాశాను. ఒక పిల్లకు ఇద్దరు తల్లులేమిటయ్యా అని ఎవరైనా తనిఖీదారు అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు.