ఎర్ర కారు అమ్మేసిన శ్రావణం

అలివేలుమంగ పుట్టింది పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో, మెట్టింది బడిపంతుళ్ల ఇంట్లో. రెండిళ్లలోనూ కారు తోలినవాళ్లు లేరు. ప్రొద్దుటూరులో గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా చేస్తూ, ముప్పై ఆరో ఏట, ఎవరికీ చెప్పకుండా, సాయంత్రం ఆఫీసు వదిలాక వలి బాషా డ్రైవింగ్ స్కూలుకు పోయి నేర్చుకుంది. నెల తిరక్కముందే వలి బాషా చేతులెత్తేశాడు.

"నీకు నేర్పేదానికి ఇంగేం లేదమ్మా. నిన్ను నెమ్మదిగా తోలమని చెప్పేదే నాతో కావడం లేదు."

రెండేళ్ల తర్వాత కడపలో ఒక డాక్టరు అమ్ముకుంటున్న ఎర్ర కారు కొనింది. టర్బో పెట్రోలు బండి. కాలు ఆనిస్తే చాలు, వీపు సీటుకు అతుక్కుపోయేది. ఆదివారం తెల్లారితే జమ్మలమడుగు రోడ్డులో ఒక్కతే పోయి వచ్చేది. భర్త గురురాజారావు హైస్కూల్లో లెక్కల పంతులు. ఆ కారెక్కితే తలుపు పైనున్న పిడి పట్టుకుని, దిగేదాకా వదిలేవాడు కాదు. అయినా అమ్మేయమని ఒక్కనాడూ అనలేదు.

ఆ బండికి దాహం ఎక్కువ. లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు వస్తే గొప్ప. ఆఫీసు ఇంటికి దగ్గరగా ఉన్నన్నాళ్లు ఆ సంగతి మంగకు పట్టలేదు. జూన్‌లో పులివెందులకు బదిలీ అయింది. పోను అరవై, రాను అరవై.

మొదటి నెల జీతంలో సగం పైన పెట్రోలు బంకుకే పోయింది. ఇంట్లో మైలేజీ అడిగితే "బాగానే ఇస్తాంది" అని దాటవేసింది. ఏసీ ఆపేసింది. దిగువ రోడ్డు వస్తే యాక్సిలరేటరు మీద కాలు తీసేసి పోనిచ్చేది. ఫుల్ ట్యాంకు కొట్టించడం మానేసి, ఏ రోజుకారోజు కొంచెం కొంచెం పోయించుకునేది. ఎర్ర దీపం వెలిగినా ఇంకో పది కిలోమీటర్లు వస్తుందని లెక్క వేసుకునేది.

జూలై ఆఖర్లో ఒక సాయంత్రం ఆ లెక్క తప్పింది. తొండూరు దాటినాక బండి దగ్గి, ఆగిపోయింది. అటూ ఇటూ శనగచేలు బీడుగా ఉన్నాయి. పొద్దు వాలుతోంది. రెండు మోటారు సైకిళ్లు ఆమెను దాటి, నెమ్మదించి, వెనక్కి తిరిగి చూసి పోయాయి. మంగ భర్తకు ఫోను చేసి, తలుపులు లాక్ చేసుకుని కూర్చుంది. గంటంబావు తర్వాత, తోటి పంతులు స్కూటరు అడిగి తీసుకుని, రెండు సీసాలలో పెట్రోలు పట్టుకుని గురురాజారావు వచ్చాడు. సీసా వంచి పోసేటప్పుడు సగం నేల తాగింది.

"ఇన్నేళ్లూ నీ స్పీడు చూస్తే భయం అనుకున్నా మంగా," అన్నాడు. "ఇది దానికంటే శానా అధ్వానం."

మంగ మరుసటి వారమే కారు అమ్మకానికి పెట్టింది. జమ్మలమడుగు నుంచి ఉమైర్ అనే కుర్రవాడు వచ్చి, టైర్లు తడిమి చూసి నవ్వాడు. "బాగా తోల్నావు మేడం" అన్నాడు. ఆ మాటకు ఇంకెప్పుడైనా పొంగిపోయేదే. తాళంచెవులు ఇచ్చి లోపలికి పోయి, వంటింట్లో పంపు తిప్పి చాలాసేపు చేతులు కడుక్కుంది.

దాని స్థానంలో వచ్చింది తెల్ల కారు. చిన్నది, పాతది. లీటరుకు ఇరవై పైనే ఇస్తుంది. తలుపు వేస్తే రేకు డబ్బా మూసినట్టు చప్పుడు.

శ్రావణ మాసం రెండో శనివారం, ఆఫీసు సెలవు. కొత్త బండికి పూజ చేయిద్దామని ముగ్గురూ గండి ఆంజనేయస్వామి దగ్గరికి బయలుదేరారు. వేంపల్లి మీద పోతే దగ్గర. అయినా రోజూ తాను పోయే దారి చూపిస్తానని మంగ ముద్దనూరు మీద పోనిచ్చింది. కూతురు వేదశ్రీ వెనక సీట్లో కూర్చుని ఉక్కపోస్తాందంటే ఏసీ వేసింది.

ముద్దనూరు దాటినాక ఎగువ వస్తుంది. ముందర బూడిద ట్యాంకరు ఒకటి నత్తలాగా ఎక్కుతోంది. కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటు నుంచి బూడిద నింపుకుని సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే బండ్లు అవి. సరిగ్గా అదే చోట ఎర్ర కారుతో అలాంటి వాటిని ఎన్నింటినో దాటింది మంగ. కుడివైపు ఖాళీగా ఉంది. అలవాటైన చేతితోనే స్టీరింగు తిప్పి, కాలు అదిమింది.

ఇంజను గట్టిగా అరిచింది. బండి మాత్రం కదిలీ కదలనట్టు పాకింది. ముగ్గురు మనుషులు, ఏసీ, ఎగువ. ట్యాంకరు సగానికి వచ్చేసరికి మిట్ట మీద బస్సు తల కనపడింది.

మంగ ఇంకా అదిమింది. పెడలు నేలకు ఆనింది. అంతకుమించి ఏమీ లేదు. వెనక్కి తగ్గుదామని బ్రేకు తొక్కింది. ఆమెకు దారి ఇద్దామని ట్యాంకరు డ్రైవరూ అదే క్షణంలో బ్రేకు తొక్కాడు. రెండు బండ్లూ పక్కపక్కనే నెమ్మదించాయి. బస్సు లైట్లు కొడుతూ దిగుతోంది. ట్యాంకరు చక్రాలు గురురాజారావు కిటికీ అంత ఎత్తున, మూరెడు దూరంలో తిరుగుతున్నాయి. మంగకు ఏ కాలు ఎక్కడ ఉందో తెలియలేదు.

"అమ్మా," అంది వేదశ్రీ వెనక నుంచి, చాలా మెల్లగా.

గురురాజారావు పిడి పట్టుకోలేదు. మెడ పైకెత్తి ట్యాంకరు డ్రైవరు వైపు చూస్తున్నాడు. "ఆయప్ప చెయ్యి ఊపుతాండాడు. ముందుకు పొమ్మంటాండాడు," అన్నాడు, పిల్లలకు లెక్క చెప్పే గొంతుతో. "పో మంగా. గేరు తగ్గించి పో."

చెయ్యి ముందుకు వేసి ఏసీ ఆయనే ఆపేశాడు. మంగ రెండో గేరులోకి వేసింది. బండి ఒక్క కుదుపు కుదిపి లాగింది. ట్యాంకరు ఎడమకు, మట్టిలోకి దిగిపోయింది. మంగ దాని ముందుకు దూరేసరికి బస్సు గాలి తెల్ల కారును ఊపేసి పోయింది. పక్క అద్దం ఒకటి మడత పడింది. అంతే.

మిట్ట ఎక్కినాక చదునులో ఆపింది. వెనకే ట్యాంకరు వచ్చి ఆగింది. దిగినవాడు నడివయసు మనిషి, పేరు హుమాయున్. భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. తిట్టడానికి వచ్చినవాడు, ఆమె ముఖం చూసి ఆగాడు.

"ఎర్ర కారు తోలే అమ్మవు కదా నువ్వు? రోజూ చూస్తాంటా."

"అమ్మేసినా," అంది మంగ.

"బండిని అమ్మినావు, తోలకం అమ్మలేదు," అన్నాడు హుమాయున్. "ఈ బండికి అంత ఊపిరి లేదమ్మా. ముందే గేరు తగ్గించు, అవతల ఖాళీ రెండింతలు ఉంటే దాటు. లేకుంటే మా వెనకాలే రా, తప్పేం లేదు. నా బండిలో ముప్పై టన్నులుండాది. నేను గబుక్కున నిలపలేను."

గురురాజారావు దిగి ఆయనకు చేతులు జోడించాడు. హుమాయున్ ఆ చేతులు పట్టుకుని దించి, నీళ్లుంటే ఇమ్మన్నాడు. వేదశ్రీ సీసా ఇచ్చింది. సగం తాగి, మిగతాది మంగ చేతిలో పెట్టి పోయాడు.

"ఇంటికి పోదామా?" అన్నాడు గురురాజారావు.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు తిరిగిపోతే సోమవారం ఈ స్టీరింగు ముందు కూర్చోలేనని ఆమెకు తెలుసు. ట్యాంకరును ముందు పోనిచ్చి, తొండూరు దాకా దాని వెనకాలే పోయింది. ఏసీ వెయ్యమని ఎవరూ అడగలేదు. గండిలో కారు ముందు కొట్టిన టెంకాయ మూడు దెబ్బలకు గానీ పగల్లేదు.

సోమవారం నుంచి ఇరవై నిమిషాలు ముందుగా బయలుదేరడం మొదలుపెట్టింది. మొదటి పది రోజులు ఆ ఎగువ దగ్గరికి వస్తే అరచేతులు తడిసేవి. పగ్గం లేకుండా పరిగెత్తిన కాలు అది, ఆగడం దానికి కష్టమైంది. ముందర లారీ ఉన్నప్పుడు నిమిషాలు లెక్కపెట్టుకుంటూ వెనకాల పడి పోయేది. హారన్లు కొట్టి దాటిపోయేవాళ్లను చూసి పళ్లు కొరుక్కునేది. దసరా దాటేసరికి ఆఫీసు వాళ్లు ఇద్దరు ముద్దనూరులో ఆమె కారు ఎక్కడం మొదలుపెట్టారు.

ఒక పొద్దున ఆ ఎగువలో లారీ వెనక పోతుంటే వాళ్లలో ఒకాయన, "ఖాళీగానే ఉండాది కదా మేడం, దాటొచ్చు," అన్నాడు.

"ఆడ మిట్ట ఉండాది," అంది మంగ. "అవతల ఏముందో నీకు కనపడతాందా?"

ఆయన కనపడడం లేదన్నాడు. ఆమె మూడో గేరులోనే ఉండి, లారీ వెనక నింపాదిగా ఎక్కింది.