టైలరమ్మ ఆడిన నాలుగో రౌండు

టైలరమ్మ చేతిలో కత్తెరుంటే టేపు అక్కర్లేదని పేటంతా చెప్పుకునేవాళ్లు. అలాంటి మనిషి ఆ నెలలో ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. ఇంకోసారి, ముందురోజే కొలతలిచ్చి వెళ్లినాయన్ని ఆ సంగతే మరిచి పిలిచి మళ్లీ కొలతలు తీసింది. ఆయన నవ్వాడు, ఆవిడా నవ్వేసింది. లోపల మాత్రం భయం పట్టుకుంది. చెల్లెలికి కూడా చెప్పలేదు.

ఇక మిగిలిన ధైర్యమల్లా చదరంగమే. ఏటా గ్రంథాలయం హాల్లో జరిగే పోటీలో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉండేది. ఈసారీ ఉంటే తన బుర్రకేమీ కానట్టేనని మనసుకు సర్దిచెప్పుకుని వచ్చింది. మూడు ఆటల్లో రెండు అప్పుడే పోయాయి.

నాలుగో రౌండులో ఎదురుగా డ్రైవరు బాబాయి కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆటలో కూడా ప్రతి మలుపు దగ్గరా బ్రేకు వేస్తాడు. పదకొండేళ్లుగా ఆవిడ చేతిలో ఓడిపోవడం ఆయనకు అలవాటే.

ఆట బాగానే సాగింది. ఒక బంటు లాభం కూడా వచ్చింది. అంతలో ఆయన గుర్రం మీదికొచ్చింది. కోట కట్టుకుంటే భయం లేదనుకుని ఆవిడ రాజును రెండు గళ్లు జరిపి, ఏనుగు మీద చెయ్యి వేసింది.

“అమ్మాయ్,” అన్నాడాయన గొంతు తగ్గించి. “రాజు ఇందాకే కదిలి వెనక్కొచ్చాడు కదమ్మా. ఇంక కోట కట్టకూడదు.”

“ఎప్పుడు బాబాయ్? నేనసలు ముట్టుకోలేదే!”

ఆయన ఆవిడ ముందున్న కాగితం వైపు వేలు చూపించాడు. ఆవిడ తను ఎత్తులు రాసుకున్న ఆ కాగితం చూసుకుంది. తొమ్మిదో ఎత్తు, రాజు. పదకొండో ఎత్తు, మళ్లీ రాజు. రాత తనదే. ఎంత తవ్వుకున్నా ఆ ఎత్తులు వేసిన జ్ఞాపకం రాలేదు.

ముట్టుకున్న రాజును కదపక తప్పదు. ఎటు కదిపినా మంత్రి పోతుంది.

“పోనీ, డ్రా అనుకుందామా?” అన్నాడాయన.

చేతికందిన ఆట వదులుకుంటున్నాడంటే ఆయనకు తెలిసిపోయిందన్నమాట.

“వద్దు. ఆడదాం.”

మంత్రి పోయింది. తర్వాత ఏనుగు. ఎక్కడో ఒక దారి ఉండకపోదని ఆవిడ పిచ్చిదానిలా గళ్లన్నీ వెతికింది. అరగంటకు ఆట కట్టయింది.

“పోయినేడు కూడా ఇలాగే ఆడానా బాబాయ్?”

ఆయన తల దించుకున్నాడు. “లేదమ్మా.”

వరండాలోకి వచ్చి చెల్లెలికి ఫోన్ చేసింది.

“నెగ్గావా అక్కా?”

“లేదే. రేపు షాపు తియ్యను. నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.”

“అదేంటి? ఏమైందక్కా?”

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఆవిడ గోడకు జారగిలబడి భోరుమంది.