బోణీ అయ్యేదాకా కూర్చున్న మేడం

మేడం పోయారు. బొంగులూరు నుంచి మా వదిన ఫోన్ చేసి చెప్పింది. సాయంత్రం గిరాకీ వేళ. పెనం మీద జొన్నరొట్టె ఉంది, ఎదురుగా మనుషులు నిలబడి ఉన్నారు. ఫోన్ పక్కన పెట్టి రొట్టె తిప్పాను. కబురు చెప్పుకుందామంటే నా పక్కన ఎవరూ లేరు. రొట్టెలు కట్టించుకుని పోయేవాళ్లకు ఏమని చెప్పను?

ఔటర్ రింగ్ రోడ్డు పడి, ఆదిభట్ల వైపు కంపెనీలు వచ్చి, మా తండా చుట్టూ వెంచర్లు లేస్తున్న రోజుల్లో, ఇబ్రహీంపట్నంలో లంబాడా ఆడవాళ్లకు వ్యాపారం నడపడం నేర్పే శిక్షణ పెట్టారు. అప్పటిదాకా ఆ వెంచర్లలోనే మట్టి తట్టలు మోసిన మేం అయిదుగురం, నేను, మా అక్క, వదిన, తండాలో ఇంకో ఇద్దరు, కలిసి చేరాం. నేర్పడానికి వచ్చిన మేడం కోస్తా మనిషి. బొంగులూరులో ఒక అపార్ట్‌మెంటులో ఒక్కరే ఉండేవారు.

పాఠం మధ్యలో ఉన్నట్టుండి తనే కొనడానికొచ్చిన గిరాకీ అయిపోయేవారు. చేతిసంచి భుజాన వేసుకుని, మొహం చిట్లించి, "ఏంటీ, ఇంత చిన్న రొట్టెలా?" అని మా మీదికి వచ్చేవారు. మేం నవ్వితే ఒప్పుకునేవారు కాదు. "నవ్వితే నేను పక్క కొట్టుకి పోతా. జవాబు చెప్పమ్మా!" అనేవారు. మధ్యాహ్నం మాత్రం మేమంతా ఒకచోట గిన్నెలు విప్పుకుంటే, ఆమె కిటికీ దగ్గర నిలబడి పెరుగన్నం తినేవారు. పిలిస్తే, "ఫర్లేదమ్మా, మీరు తినండి" అనేవారు.

శిక్షణ అయ్యాక బొంగులూరు దగ్గర రోడ్డు పక్కన అయిదు రొట్టెల బండ్లు పెట్టాం, ఒకదాని పక్కన ఒకటి. అదేం తెలివి అని మీరు అనుకోవచ్చు. కూలికి పోయినా, కట్టెలకు పోయినా తండాలో ఎప్పుడూ కలిసే పోతాం. విడిగా కూర్చోవాలన్న ఆలోచనే మాకు రాలేదు.

మేడం చూడటానికి వచ్చిన రోజు, మెడలో కంపెనీ కార్డు వేసుకున్న ఒకతను నా దగ్గర ఆగాడు. అప్పటికే నాకు బోణీ అయింది.

"గా చివరి బండి కాడికి పో అన్నా. మా అక్కకు ఇంక బోణీ గాలే" అన్నాను.

అక్క అతన్ని చూసి, "నాకిప్పుడే అయింది. మా వదినకు గాలే, ఆమె కాడ తీస్కో" అంది.

"నాకు రొట్టె అమ్ముతరా, అమ్మరా?" అని అతను తన బైకు ఎక్కి వెళ్లిపోయాడు.

మేడం తల పట్టుకున్నారు. "మీ దగ్గరికొచ్చిన బేరాన్ని మీరే పంపేస్తే ఎలాగమ్మా?"

"ఆమెకు బోణీ గాకుంటే నేనెట్ల అమ్మాలె మేడం? ఆమె మొహం ఎట్ల చూడాలె?"

తరువాత ఆమె మమ్మల్ని విడదీసి, ఒక్కో బండిని ఒక్కో చోట పెట్టించారు. వదిన బొంగులూరులోనే ఉంది. తలా ఒక దిక్కు అయిపోయాం. నాకు ఇబ్రహీంపట్నం వచ్చింది.

"నాతోని గాదు మేడం. ఒక్కదాన్ని కూసుంటే ఏడుపొస్తది."

"రానీ. ఏడుస్తూనే కాల్చు. మళ్లీ తట్ట మోస్తావా?"

మోయను. అది మాత్రం గట్టిగా తెలుసు. అందుకే కూర్చున్నాను. మొదట్లో మేడం రోజూ సాయంత్రం బస్సు దిగి వచ్చి, బండి వెనక స్టూలు మీద కూర్చునేవారు. బోణీ కాగానే లేచి వెళ్లిపోయేవారు. గిరాకీ లేక నేను విసుక్కుంటే, "బేరం లేని గంట కూడా పనేనమ్మా, కూర్చో" అనేవారు. ఒకరోజు రాలేదు. మర్నాడూ రాలేదు. కోపంగా ఫోన్ చేశాను.

"ఎందుకు రాలే మేడం?"

"నేనొస్తే నువ్వు రోడ్డు చూడట్లేదమ్మా, నన్నే చూస్తున్నావు."

ఏడుస్తూనే కాల్చాను. బండి నిలబడింది, తరువాత దుకాణమైంది. మిగతావాళ్లవీ నిలబడ్డాయి. అన్నం పెట్టిన మనిషి ఆమె, కాదనను. కానీ మేం అయిదుగురం ఇప్పుడు పెళ్లిళ్లలోనే కలుస్తాం. దాని మీద నా కోపం ఇంకా పోలేదు.

ఒకసారి ఆమెనే అడిగాను. "మీకు ఒక్కరే ఉండబుద్ధైతదా మేడం?"

"అలవాటైపోయిందమ్మా" అన్నారు. వెంటనే, పిండిలో ఉప్పు ఎక్కువేస్తున్నావని గొడవ పెట్టుకున్నారు.

కబురు తెలిసిన మర్నాడు సాయంత్రం, దుకాణాలు తెరవకుండా అయిదుగురం ఆమె అపార్ట్‌మెంటుకు వెళ్లాం.

"పొద్దుగాలనే తీస్కపోయిన్రు. చుట్టాలంట, విజయవాడ దిక్కు" అన్నాడు వాచ్‌మన్.

తలెత్తి చూస్తే, మూడో అంతస్తు బాల్కనీలో తీగ మీద ఆమె నేత చీర ఆరేసి ఉంది.

"గా చీర జర తియ్యరాదు అన్నా" అంది మా అక్క.

"తాళం ఆళ్లే పట్కపోయిన్రు."

మా తండాలో వాన మబ్బు కనబడితే చాలు, ఎవరి చీరైనా ఎవరో ఒకరు తీసి మడతపెడతారు. మేం అయిదుగురం అక్కడే నిలబడ్డాం. చీర ఎప్పుడో ఎండిపోయింది. గాలి వీచినప్పుడల్లా కొంగు మూసిన తలుపును తాకి, మళ్లీ బయటికి వచ్చి వేలాడేది.