చాక్‌పీసు ఇంట్లో కూర్చున్నామె

పదిహేనేళ్ళు ఆస్పత్రుల్లో పనిచేసినదాన్ని నేను. మార్చురీకి శవాన్ని తోసుకోని పోయొచ్చి, చేతులు కడుక్కోని, టిఫిన్ బాక్సు తెరిచి తిన్నదాన్ని. దయ్యం కనబడిందని ఎవరన్నా చెప్తే, ముందు బీపీ చూపించుకో పో అనే రకం. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

ఇప్పుడు తిరుపతిలో ఒక హోముకి పనిచేస్తున్నాను. పక్షవాతం వచ్చినోళ్ళు, తుంటి విరిగినోళ్ళు ఒక నెలకని ఆడికొచ్చి ఏళ్ళ తరబడి ఉండిపోతారు. వాళ్ళలో లేచి నడవగలిగినోళ్ళని మళ్ళీ సొంతింటికి చేర్చడం నా పని.

దానికి నా పద్ధతి ఒకటుంది. ముందు ఆ ఇంటికి పోయి టేపు పెట్టి కొలుచుకుంటాను. మంచం నుంచి గడపకి ఎంత, గడప నుంచి బాత్రూముకి ఎంత. అవే కొలతలతో హోములో భోజనాల హాల్లో చాక్‌పీసుతో ఆ ఇంటిని గీస్తాను. మధ్యాహ్నం అన్నాలైపోయి బల్లలు పక్కకి జరిపినాక, ఆ గీతల మధ్య వాకర్ పట్టుకోని నడిపిస్తాను. కాళ్ళకి ముందే ఇల్లు అలవాటైతే, అసలు ఇంట్లో తడబడరు.

ఈశ్వరమ్మది శ్రీకాళహస్తి. ముప్పై ఏళ్ళు కలంకారీ బట్టలకి రంగులేసిన మనిషి. ఎడంపక్క చెయ్యీ కాలూ పడిపోయి హోముకొచ్చి మూడేళ్ళయింది. పెళ్ళి చేసుకోలేదు. ఊర్లో పక్కవీధిలో ఉండే చెల్లెలు సుగుణమ్మ చూసుకుంటానని ఒప్పుకుంది గానీ ఒక మాట గట్టిగా చెప్పింది.

"ఒక్కసారి పడిందంటే మళ్ళీ హోముకే మేడం. నా నడుము మంచిది కాదు. నేను లేపలేను."

ఈశ్వరమ్మకి ఆ మాట తెలుసు. నా చెయ్యి పట్టుకోని, "పడను పాపా. నా ఇంట్లో నా గ్లాసుతో కాఫీ తాగి సస్తా, సాలు" అనింది. సావు మాటలెందుకని తిట్టినాను.

రెండు రోజులు బాగా నడిచింది. మూడోరోజు వంటింటి గీత దాటి నాలుగడుగులు వేసి నిలబడిపోయింది. వాకర్‌ని పక్కకి తిప్పి, ఏదో అడ్డమున్నట్టు చుట్టుకోని పోయింది.

"యాల పెద్దమ్మా పక్కకి పోతావు?"

"ఆమె కూర్చోనుండాది గదా. తొక్కుకోని పోవాల్నా?"

"ఎవరు?"

"ఏమో. మొగం గోడకల్ల పెట్టుకోనుండాది. ముదురు నీలం చీర, తెల్ల సుక్కలు. అంచుకి పువ్వు గూడా లేదు, ఒట్టి పసుపు గీత."

రంగుల మనిషి గదా, చీరైతే అంత వివరంగా చెప్పింది. మనిషెవరో మాత్రం తెలీదనింది.

పక్షవాతం వచ్చినోళ్ళకి ఒక్కోసారి లేనిది కనబడుతుంది. అదే అనుకోని డాక్టరుకి చూపించినాను. చూపు బాగానే ఉందన్నాడు. భోజనాల హాల్లో ఏదన్నా నీడ పడుతోందేమోనని టీవీ హాల్లో ఇల్లు మళ్ళీ గీసినాను, ఈసారి వాకిలిని ఎదురు దిక్కుకి తిప్పి. అక్కడ గూడా వంటింటి గీత దాటి నాలుగడుగులకే ఆగింది.

భయం వేయలేదు నాకు, కోపమొచ్చింది. అసలు వంటింట్లో ఒక పక్క గోడ, ఇంకో పక్క పొయ్యి గట్టు. మధ్యలో వాకర్ పట్టేంత దోవే ఉండాది. పక్కకి తిప్పితే వాకర్ కాలు గట్టుకి తగిలి పడుతుంది. పడితే అయిపోయినట్టే. ఆదివారం పనిగట్టుకోని బస్సెక్కి శ్రీకాళహస్తి పోయి చూసినాను. ఆ చోట నున్నటి గచ్చు తప్ప ఏమీ లేదు. ఆ ఇంట్లో ఎవరన్నా పోయినారా అని సుగుణమ్మని అడిగితే, "అక్కే కట్టించుకునింది మేడం. ఆమె తప్ప ఎవురూ కాపరమే సెయ్యలేదు" అనింది.

తిరిగొచ్చి కటువుగానే చెప్పినాను. "నేరుగా నడుస్తావా, ఈడనే ఉండిపోతావా? ఏదో ఒకటి చెప్పు."

ఈశ్వరమ్మ ఏడ్చింది. మర్నాటి నుంచి నేరుగా నడిచింది. ఆ చోటొచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకోని, "తప్పైపోయింది తల్లీ" అని గొణుక్కోని దాటేది. అయినా, ఇంటికి పోవచ్చని సంతకం పెట్టేసినాను.

మా హోములో ఆయాలకి ఒక అలవాటు. ఇంటికి పోయే ఆడమనిషికి, పుట్టింటోళ్ళు పంపినట్టు, పసుపు కుంకుమతో చీర పెట్టి పంపుతారు. ఆరోజు కవరు విప్పితే ముదురు నీలం చీర, తెల్ల చుక్కలు, పసుపు అంచు. తెచ్చిన ఆయా కొత్తగా చేరింది, ఆమెకి ఈ సంగతే తెలీదు. తర్వాత అడిగితే, కంటికి నచ్చింది తీసుకున్నాను అక్కా అనింది.

ఈశ్వరమ్మ ఆ చీరని ఒళ్ళో పెట్టుకోని చాలాసేపు తడిమింది. తర్వాత నా మొగం చూసింది. నేను వేరే పక్కకి తిరిగినాను. నేను ఒక్క మాటంటే ఆ చీర మార్చేసేవాళ్ళు. నమ్మనిదాన్ని గదా, ఏమని అంటాను?

పది రోజులు దినామూ ఫోన్ చేసినాను. ఒక్కసారి గూడా పడలేదు. కాఫీ తనే పెట్టుకుంటోందని సుగుణమ్మ మురిసిపోయింది. పదకొండో రోజు పొద్దున ఈశ్వరమ్మే ఫోన్ చేసింది. గొంతులో అంత ఉషారు ఎప్పుడూ వినలేదు.

"పాపా, ఆమె లేసి పోయినాది. ఈపొద్దు సూస్తే ఆడ ఎవురూ లేరు. సోటు కాళీగా ఉండాది."

నేను సంతోషం పట్టలేకపోయినాను. హోములో అందరికీ చెప్పుకోని తిరిగినాను.

పదిన్నరకి సుగుణమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నేను పోయేసరికి ఇంకా కదిలించలేదు. ఈశ్వరమ్మ వంటింట్లో, మొగం గోడవైపు పెట్టుకోని కూర్చోనుంది. కొత్త చీర ఆరోజే మొదటిసారి కట్టింది. వాకర్ పక్కనే సరిగ్గా నిలబెట్టి ఉంది. గట్టు మీద తన గ్లాసు, సగం తాగిన కాఫీ. గుండె ఆగిందని డాక్టరు చెప్పినాడు. అయ్యుండొచ్చు.

"పడలేదు మేడం. సెప్పినట్టే, పడలేదు" అంటా ఉంది సుగుణమ్మ.

సంచిలో టేపు ఉంటే తీసి వంటింటి గడప నుంచి ఆమె కూర్చున్న చోటికి కొలిచినాను. ఎందుకు కొలిచినానో నాకే తెలీదు. హాల్లో ఆమె ఆగిన చోటికి నేను గుర్తు పెట్టుకున్న కొలతే వచ్చింది.

ఇప్పటికీ అదే పని చేస్తున్నాను. అదే హాల్లో, అదే చాక్‌పీసుతో. గీతల మధ్య ఎవరన్నా ఒక్క క్షణం ఆగితే, నేరుగా పొమ్మని చెప్పలేను. ఆమె చూసింది ఎవరిని, ఆ చీర ఎట్లొచ్చింది, ఎంత ఆలోచించినా నాకు తెగలేదు.

ఆ పొద్దున ఫోన్‌లో నేనన్న మాట మాత్రం మర్చిపోలేకపోతున్నాను. చోటు ఖాళీ అయిందని ఆమె చెప్పగానే నేను గట్టిగా నవ్వి, "ఇంకేం పెద్దమ్మా, ఇంక ఆ చోటు నీదే" అన్నాను.